కన్సోల్‌కీ కంప్యూటర్‌కీ ఇంకా తేడా ఉందా? 60 వేలు పెట్టి ఏది కొనాలి?

కాజీపేట నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, కొత్తగా ఉద్యోగం వచ్చింది. 60 వేలు పక్కన పెట్టిన. చిన్నప్పుడు గేమ్స్ షాపులో ఆడిన సోనీ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) ఇప్పటికీ మనసులో ఉన్నది, అందుకే కన్సోల్ కొనాలని ఆశ. ఫ్రెండ్సేమో కన్సోల్ కూడా ఇప్పుడు కంప్యూటరే, ఆ పైసలతో పీసీ కొనుక్కో అంటున్నరు. అసలు రెండింటికీ తేడా ఏంది? కన్సోళ్ల పని అయిపోయినట్టేనా?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. లోపలి చిప్పులు చూస్తే తేడా దాదాపు లేదు, మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. తేడా అంతా ఆ చిప్పుల మీద పెత్తనం ఎవరిది అన్న దగ్గర ఉంది. కన్సోల్‌లో, అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రంలో, ఏం నడవాలో, ఎన్నాళ్లు నడవాలో తయారుచేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. పీసీలో మీరు నిర్ణయించుకుంటారు. కన్సోల్ మీద మోజు తగ్గుతున్న మాట కూడా నిజమే. నేను చూసినంతలో దానికి అసలు కారణం ఇది: కంప్యూటర్‌లో ఉండే చిక్కులన్నీ కన్సోల్‌లోకి వచ్చాయి, కంప్యూటర్ ఇచ్చే స్వేచ్ఛ మాత్రం రాలేదు.

అయినా పని అయిపోలేదు. హాల్లో టీవీ ముందు తమ్ముడితో, చెల్లితో, ఇంటికొచ్చిన దోస్తులతో కూర్చుని ఆడేది ఉంటే డిస్క్ పట్టే కన్సోలే కొనండి. ఆటతో పాటు కోడింగో, ఎడిటింగో, ఇంకేదైనా పనో ఉంటే పీసీ కొనండి.

నేను 2002 నుంచి 2017 దాకా హన్మకొండ నయీంనగర్‌లో గేమ్స్ షాపు నడిపాను. ఆ తర్వాత అదే షట్టర్‌లో కన్సోళ్ల రిపేరు, పీసీల అసెంబ్లింగ్ చేస్తున్నాను. కాబట్టి ఈ రెండు రకాల యంత్రాలనూ ఆడించినవాడిగా చూశాను, విప్పి బాగుచేసేవాడిగానూ చూస్తున్నాను. వివరంగా చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

మా తరానికి మొదట తెలిసింది "టీవీ వీడియో గేమ్". దుబాయ్ నుంచి వచ్చిన బాబాయో, హైదరాబాద్ వెళ్లిన మామో తెచ్చేవారు. వాటిలో చాలావరకు 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లు. అందులో పెట్టేదాన్ని మనం క్యాసెట్ అనేవాళ్లం గానీ లోపల టేపు ఉండదు, చిన్న బోర్డు మీద చిప్పులుంటాయి. ఆ యంత్రం ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, వాడుకోవడానికి ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే ఒక చిన్న ఫొటోకే అంతకు ఎన్నో రెట్లు కావాలి.

మరి అంత చిన్న యంత్రంలో మారియో, కాంట్రా ఎలా నడిచాయి? క్యాసెట్‌లోని చిప్పు నేరుగా ప్రాసెసర్ తీగలకు తగులుకుంటుంది. ఆటను ఎక్కడినుంచో తెచ్చి మెమరీలో నింపుకునే పని లేదు, క్యాసెట్టే మెమరీ. స్విచ్ వేయగానే ఆట మొదలయ్యేది అందుకే. పైగా చాలా క్యాసెట్లలో మ్యాపర్ అనే అదనపు చిప్పు ఉండేది. కన్సోల్‌కు చేతకాని పనిని ఆ చిప్పు చేసి పెట్టేది. అంటే కొత్త క్యాసెట్ పెట్టిన ప్రతిసారీ యంత్రం కొంత మారేది. అప్పటి ఇంటి కంప్యూటర్లలో టేపు మీద నుంచో ఫ్లాపీ మీద నుంచో ఆట ఎక్కేదాకా కూర్చోవాలి. రెండింటి మధ్య తేడా కంటికి కనిపించేది, ఎవరికీ వివరించాల్సిన పని ఉండేది కాదు.

(క్యాసెట్ ఆడకపోతే నోటితో ఊదేవాళ్లం కదా, అది చెయ్యకండి. ఊపిరిలో తడికి ఆ రాగి పట్టీలు పాడవుతాయి. ఊదాక ఆడింది అంటే, తీసి మళ్లీ పెట్టడం వల్ల కాంటాక్ట్ కుదిరింది. పాత క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి.)

ఇక పీఎస్2. 2000 మార్చిలో జపాన్‌లో విడుదలైంది. ఇప్పటిదాకా 16 కోట్లకు పైగా అమ్ముడుపోయిందని సోనీయే చెప్పింది. నేను ఆరు పీఎస్2లు, ఆరు కలర్ టీవీలతో షాపు తెరిచాను. గంటకు 15 రూపాయలు. ఇంటర్ కాలేజీలు వదిలే టైమ్‌కు బయట మెట్ల మీద కూడా జాగా ఉండేది కాదు. రెజ్లింగ్ ఆటకు ఒక్కో టీవీ ముందు నలుగురు ఆడేవాళ్లు, ఎనిమిది మంది చూసేవాళ్లు. చూసేవాళ్ల దగ్గర నేనెప్పుడూ పైసలు అడగలేదు, వాళ్లు అరుస్తుంటేనే షాపుకు కళ.

అప్పట్లో మాకు ఒరిజినల్ డిస్కులు అందేవి కావు. చిప్ వేయించి కాపీ డిస్కులు నడిపేవాళ్లం. అది తప్పే. జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

మెమరీ కార్డు సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 8 మెగాబైట్ల కార్డు, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. పిల్లలు తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, స్కెచ్ పెన్నుతో పేరు రాసుకునేవాళ్లు. పరకాల నుంచి ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చే పిల్లవాడు జామెట్రీ బాక్సులో కంపాస్ పక్కన దాన్ని దాచుకుని తెచ్చేవాడు. వాడు ఆడింది నా షాపులోనే, కానీ వాడి ఆట వాడి జేబులో ఉండేది. పాస్‌వర్డ్ లేదు, అకౌంట్ లేదు. ఊళ్లో ఏ షాపుకు వెళ్లి పెట్టినా వాడు ఆపిన చోటునుంచే మొదలయ్యేది. ఒకసారి సేవ్ అవుతుండగా కరెంటు పోయి వాడి కార్డు ఖాళీ అయిపోయింది. ఆ పిల్లవాడు ఏడవలేదు, అలా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ నెలలోనే ఇన్వర్టర్ పెట్టించాను.

2006లో కౌంటర్ స్ట్రైక్ అనే పీసీ ఆట అడిగేవాళ్లు ఎక్కువయ్యారని నాలుగు పీసీలు కూడా పెట్టాను. సికింద్రాబాద్ సీటీసీ నుంచి పార్టులు తెచ్చి నేనే బిగించాను. అప్పుడు తెలిసింది నాకు తేడా. ఆరు పీఎస్2లకు నెలంతా నేను చేసే పని లెన్స్ తుడవడం, ఫ్యాన్ దుమ్ము దులపడం, కంట్రోలర్ పుల్లలు మార్చడం. నాలుగు పీసీలకు రోజూ ఏదో ఒకటి. పెన్‌డ్రైవ్ వైరస్, పోయిన డ్రైవర్, ఎవరో మార్చిపోయిన సెట్టింగ్, ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టడం. పదిహేను రోజులకోసారి ఫార్మాట్. కానీ ఆ నాలుగు పీసీల మీదే పొద్దున పూట రెజ్యూమెలు టైప్ చేసిచ్చాను, ఎంసెట్ ర్యాంకులు చూపించాను, పెళ్లి సీడీలు రాసిచ్చాను. పీఎస్2 ఆ పనులేవీ చెయ్యలేదు. అది చెయ్యాలని ఎవరూ అడగనూ లేదు.

అదే కాలంలో ఒక ఆట రెండింటి మీదా వచ్చింది: జీటీఏ శాన్ ఆండ్రియాస్. 2004లో పీఎస్2కు, 2005లో పీసీకి. పీఎస్2లో ఉన్నది 32 మెగాబైట్ల ర్యామ్, గ్రాఫిక్స్‌కు ఇంకో 4 మెగాబైట్లు. అదే ఆట పీసీలో నడవాలంటే తక్కువలో తక్కువ 256 మెగాబైట్ల ర్యామ్, 64 మెగాబైట్ల గ్రాఫిక్స్ కార్డు కావాలని డబ్బా మీద రాశారు. పీసీలో బొమ్మ శుభ్రంగా కనిపించేది, అది ఒప్పుకోవాలి. అయినా అంత తేడా ఎందుకు?

ఎందుకంటే కన్సోల్ ఒక్కటే, పీసీలు లక్ష రకాలు. పీఎస్2కు ఆట రాసేవాడికి తన ఆట ఏ యంత్రం మీద నడుస్తుందో చివరి బైటు దాకా తెలుసు. కొలత తీసుకుని కుట్టిన చొక్కా లాంటిది. పీసీకి రాసేవాడు ఎవరి ఒంటికైనా పట్టేలా వదులుగా కుట్టాలి. వెనక విండోస్ నడుస్తుంటుంది, యాంటీవైరస్ నడుస్తుంటుంది, ఏ గ్రాఫిక్స్ కార్డుందో తెలియదు. అందుకని కొంత బలం అక్కడే ఖర్చయిపోతుంది.

ఈ లాభం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొత్త ఆటలు పీసీలో ఆడేటప్పుడు మధ్యమధ్య ఒక్క క్షణం పట్టేసినట్టు ఆగుతుంటాయి, గమనించారా? చాలాసార్లు దానికి కారణం షేడర్లు. వెలుగు, నీడ, నీళ్లు ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాములవి. పీసీలో ఏ కార్డు, ఏ డ్రైవర్ ఉంటుందో ముందు తెలియదు కాబట్టి వాటిని మీ ఇంట్లో, మీ యంత్రం మీదే అప్పటికప్పుడు తయారు చెయ్యాల్సి వస్తుంది. కన్సోల్‌లో కార్డు ఒక్కటే కాబట్టి స్టూడియోలోనే తయారుచేసి ఆటతో పాటు పంపిస్తారు. లక్ష రూపాయల పీసీ తెచ్చి "అన్నా, ఆగి ఆగి నడుస్తున్నది" అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మంది యంత్రాల్లో ఏ లోపమూ ఉండదు.

ఇక చిప్పుల సంగతి. అన్ని కన్సోళ్లూ ఎప్పుడూ వేరే జాతి అనుకోకండి. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో ఉన్నది 733 మెగాహెర్ట్జ్ పెంటియం 3 తరహా ప్రాసెసర్, 64 మెగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్క్. అది పీసీయే. దానికి పూర్తిగా అవతలి కొసన ఉన్నది 2006 నాటి పీఎస్3. సోనీ, ఐబీఎం, తోషిబా కలిసి చేసిన సెల్ ప్రాసెసర్ అందులో ఉంది. చాలా బలమైనది, కానీ దానికి ప్రోగ్రాం రాయడం పెద్ద తలనొప్పి. ఆ బలం ఎంతంటే, అమెరికా వైమానిక దళం 2010లో దాదాపు 1,760 పీఎస్3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ కట్టుకుంది.

అదెలా కుదిరిందంటే, మొదట్లో పీఎస్3లో లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకునే వీలుండేది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన అప్‌డేట్‌తో ఆ వీలు తీసేశారు. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆట లేదు. కొన్న వస్తువులో ఉన్న ఒక గుణాన్ని, కొన్న తర్వాత వెనక్కి తీసుకున్నారు. కన్సోల్‌కూ కంప్యూటర్‌కూ తేడా ఏమిటని నన్ను ఎవరడిగినా మొదట ఈ సంగతే చెప్తాను. చిప్పుల లెక్కలు తర్వాత.

2013లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ ఏఎండీ చిప్పులతో, అంటే మన పీసీల్లో ఉండే ఎక్స్86 జాతి ప్రాసెసర్లతో వచ్చాయి. సొంత చిప్పు కనిపెట్టడానికయ్యే ఖర్చు మోయలేక, ఆట రాసేవాళ్లు పడే కష్టం చూడలేక ఆ దారి పట్టారు. 2020 నాటి పీఎస్5లో కూడా ఏఎండీ జెన్ 2 ప్రాసెసరే, 16 గిగాబైట్ల జీడీడీఆర్6 మెమరీ, 825 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ (ఆటలు దాచుకునే వేగమైన స్టోరేజీ). ఆ మెమరీని ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ పంచుకుంటాయి, గ్రాఫిక్స్ కార్డున్న పీసీలో అయితే దేనిది దానికే వేరుగా ఉంటుంది. ఇలాంటివి ఒకట్రెండు తప్ప మిగతాదంతా ఒకే జాతి.

దీని ఫలితం ఆటల మీదా పడింది. ఒక జాతి చిప్పులు కావడంతో కన్సోల్ ఆటను పీసీకి తేవడం సులువైంది. హొరైజన్ జీరో డాన్ 2020లో, స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్ 2022లో పీసీకి వచ్చేశాయి. "ఆ ఆట ఆడాలంటే ఆ డబ్బానే కొనాలి" అన్న రోజులు పోతున్నాయి. ఒక్క నింటెండో మాత్రమే తన కన్సోల్ ఆటలను పీసీకి పోనివ్వడం లేదు. అయితే స్విచ్ అనే తన కన్సోల్‌ను మన దేశంలో ఆ కంపెనీ నేరుగా అమ్మదు. బయటి నుంచి తెప్పించుకున్నది పాడైతే వారంటీ ఉండదు, వరంగల్‌లో పార్టులు దొరకవు. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను.

ఇప్పుడు మోజు ఎందుకు తగ్గింది అన్న దగ్గరికి వద్దాం.

మూడేళ్ల కింద మంచిర్యాల నుంచి సింగరేణిలో చేసే ఒకాయన ఫోన్ చేశారు. కొడుకు పుట్టినరోజుకు కన్సోల్, దానితో పాటు ఒక ఆట డిస్క్ కొన్నారు. సాయంత్రం కేక్ కోసి, పిల్లవాడి దోస్తుల ముందు డబ్బా విప్పారు. ముందు కన్సోల్ అప్‌డేట్ అడిగింది. తర్వాత అకౌంట్ అడిగింది, ఈమెయిల్ అడిగింది, పిల్లవాడి వయసు చెప్తే తల్లిదండ్రుల అకౌంట్ వేరే అడిగింది. అన్నీ అయ్యాక డిస్క్ పెడితే లోపలికి కాపీ కావడానికి టైమ్ పట్టింది, ఆపైన 80 గిగాబైట్ల అప్‌డేట్ చూపించింది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు 2 గిగాబైట్ల డేటాతో అది దిగాలంటే నలభై రోజులు. పిల్లలంతా ఫోన్లలో ఫ్రీ ఫైర్ ఆడుకుని వెళ్లిపోయారు. "డిస్క్ కొంటే ఆట మొత్తం అందులో ఉండదా సార్?" అని ఆయన అడిగిన గొంతు నాకింకా గుర్తుంది.

పీఎస్2లో ఆట డిస్క్ మీదినుంచే నడిచేది. పీఎస్5లో డిస్క్ పెట్టినా ఆటను ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించుకోవాల్సిందే, లేకపోతే ఆ వేగం రాదు. అది సాంకేతికంగా సరైన కారణమే. కానీ సగం తయారైన ఆటను అమ్మి, మిగతాది ఇంటర్నెట్‌లో పంపే అలవాటుకు ఆ సాకు చాలదు. కన్సోల్ అంటే "పెట్టు, ఆడు". ఆ ఒక్క మాట కోసమే జనం పీసీని కాదని దాన్ని కొన్నారు.

ఆన్‌లైన్‌కు కిరాయి. పీసీలో ఇంటర్నెట్ ఉంటే చాలు, దోస్తులతో ఆన్‌లైన్‌లో ఆడొచ్చు. కన్సోల్‌లో కొన్న ఆటనే ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలావాటికి చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు మినహాయింపు ఉంది. కన్సోల్ ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు ఈ చందాను మర్చిపోతారు.

ధర తగ్గడం ఆగిపోయింది. ఇది చాలామంది గమనించని మార్పు. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి, 2002లో 199కి, 2009లో 99కి దిగింది. అందుకే మాలాంటి చిన్న షాపులవాళ్లు కొనగలిగాం. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చింది. 2022 నవంబర్‌లో 54,990 అయింది. ఏళ్లు గడిచేకొద్దీ కన్సోల్ ధర పెరగడం నా ఇరవై ఏళ్ల అనుభవంలో ముందెప్పుడూ చూడలేదు. చిప్పుల తయారీ ఖర్చు మునుపటిలా తగ్గడం లేదు, అది ఒక కారణం.

డిస్క్ పోతోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. డిస్క్ అంటే అప్పిచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆడేశాక సగం ధరకు అమ్ముకోవచ్చు. నాలుగైదు వేలు పెట్టి కొన్న ఆటను నయీంనగర్‌లో ఒకడు ఆడి, సుబేదారిలో ఇంకొకడికిచ్చి, వాడి దగ్గర వేరేది తెచ్చుకునేవాడు. మన జిల్లాల్లో కన్సోల్ సోపతి అలాగే పెరిగింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే చోటే లేదు. పీఎస్5 ప్రోలో కూడా డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. డౌన్‌లోడ్ చేసి కొన్నది అమ్ముకోలేరు, కంపెనీ ఆన్‌లైన్ స్టోర్ మూసేస్తే కొత్తగా కొనలేరు. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల స్టోర్లు 2023 మార్చి 27న మూతపడ్డాయి. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూసేశారు. అంతకుముందు కొన్నవి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చన్నారు, కానీ ఎంతకాలం అన్నది వాళ్ల చేతుల్లో ఉంది. నా షాపు అటక మీదున్న పీఎస్2 ఇవాళ దింపి వైరు పెట్టినా నడుస్తుంది.

ఈ విషయంలో పీసీ మరీ పుణ్యాత్మురాలేమీ కాదు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆట కూడా అమ్ముకోలేరు. కానీ పీసీలో ఒక దుకాణం నచ్చకపోతే ఇంకో దుకాణం ఉంటుంది, ఇరవై ఏళ్ల కిందటి ఆట కొత్త యంత్రం మీద ఏదో విధంగా నడుస్తుంది. కన్సోల్‌లో దుకాణం ఒక్కటే.

రిపేరు బల్ల మీద ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పీసీలో డీవీడీ డ్రైవ్ పోతే ఏ కంపెనీదైనా తెచ్చి బిగిస్తాను, పావుగంట పని. ఇప్పటి చాలా కన్సోళ్లలో డ్రైవ్‌నూ మదర్‌బోర్డునూ జత కట్టేసి ఉంచుతారు. వేరే కన్సోల్ నుంచి మంచి డ్రైవ్ తెచ్చి పెట్టినా గుర్తించదు. పాత డ్రైవ్ బోర్డును విప్పి కొత్త డ్రైవ్‌కు బిగించాలి, ఆ బోర్డే కాలిపోయి ఉంటే కన్సోల్‌లో ఇక డిస్క్ ఆడదు. కరీంనగర్ పిల్లవాడొకడు తెచ్చిన కన్సోల్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాడి దగ్గర ఇరవై డిస్కులున్నాయి. "మెషిన్ మంచిగనే ఉన్నది కద అన్నా" అని వాడంటే నాకు జవాబు చెప్పడానికి నోరు రాలేదు.

ఇక నా షాపు ఎందుకు మూతపడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది కన్సోల్‌దో పీసీదో తప్పు కాదు. 2016లో జియో వచ్చింది, ఫోన్ ఆటలు అందరి చేతుల్లోకి వచ్చాయి. గంటకు ముప్పై ఇచ్చి నా దగ్గర కూర్చునే బదులు కాలేజీ మెట్ల మీద ఉచితంగా ఆడుకోవచ్చు. పైగా కొత్త కన్సోల్ ఆటల్లో ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే వీలు తగ్గుతూ వచ్చింది. అప్పటిదాకా స్ప్లిట్ స్క్రీన్‌కు (ఒకే తెరను పంచుకుని ఆడటానికి) పేరు పడ్డ హేలో ఆట కూడా 2015లో వచ్చిన అయిదో భాగంలో దాన్ని తీసేసింది. ఎవరింట్లో వాళ్లు, ఎవరి టీవీ ముందు వాళ్లు, చెవిలో హెడ్‌సెట్. మీకు మనసులో మిగిలిపోయిన పీఎస్2 ముచ్చటలో సగం ఆ యంత్రానిది, సగం భుజానికి భుజం ఆనించి కూర్చున్న ఆ పదిమందిది. ఏ డబ్బా కొన్నా ఆ రెండో సగం దానితో రాదు, మనుషుల్ని మీరే పిలుచుకోవాలి.

ఇన్ని చెప్పి కూడా మీకు కన్సోల్ వద్దని ఎందుకు అనడం లేదంటే, దానికి మిగిలిన లాభాలు చిన్నవి కావు. ఆ ధరకు ఆ బలమున్న పీసీ ఇప్పటికీ రాదు. ఎందుకంటే కన్సోల్ మీద కంపెనీ పెద్దగా లాభం చూసుకోదు, మొదట్లో నష్టానికి కూడా అమ్ముతుంది, తర్వాత అమ్మే ప్రతి ఆటలో వాటా తీసుకుంటుంది. పీసీలో ఒక్కో పార్టు మీద ఒక్కొక్కరి లాభం ఉంటుంది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, మెమరీ చిప్పులు పెద్ద ఎత్తున ఏఐ డేటా సెంటర్లకు పోతున్నాయి. 60 వేలల్లో మానిటర్, యూపీఎస్, కీబోర్డు పోగా గ్రాఫిక్స్ కార్డుకు మిగిలేది చాలా తక్కువ. ఇంకోటి, కన్సోల్‌ను స్లీప్‌లో పెట్టి వెళ్లి, డ్యూటీ నుంచి వచ్చి బటన్ నొక్కితే వదిలిన చోటే ఆట ఉంటుంది. రోజుకు ముప్పావు గంట దొరికే ఉద్యోగస్తుడికి అది ఎంత విలువైనదో పెళ్లయ్యాక ఇంకా తెలుస్తుంది.

అందుకని మీ విషయంలో నా మాట ఇది. ఆఫీసు వాళ్లు ల్యాప్‌టాప్ ఇచ్చి ఉంటే, కన్సోల్ కొనండి. ఇవ్వకపోతే, మీ పనికి కూడా యంత్రం కావాలంటే, ముందు గ్రాఫిక్స్ కార్డు లేకుండా మంచి ప్రాసెసర్, మంచి పవర్ సప్లయ్‌తో పీసీ కట్టించుకోండి. ఏడాది తర్వాత కార్డు కలుపుకోవచ్చు. కన్సోల్‌లో లేని సుఖం అదే. ఈ బడ్జెట్‌లో గేమింగ్ ల్యాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లకండి, మన ఏప్రిల్, మే ఎండలకు అవి పడే అవస్థ నేను రోజూ చూస్తున్నాను.

కన్సోలే అనుకుంటే కొన్ని జాగ్రత్తలు. డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, ధర కొంత ఎక్కువైనా రెండు పాత డిస్కులు మార్చుకుంటే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే ముందు అది పెట్టించండి. టీవీ కింద అద్దాల అరలో బిగించి పెట్టకండి, వెనక జానెడు ఖాళీ ఉండాలి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే కన్సోళ్లు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద నల్లటి పొడి పేరుకుని ఉంటుంది. మీది కాజీపేట కాబట్టి అంత ఉండదు, అయినా ఏడాదికోసారి శుభ్రం చేయించండి. పీఎస్5లో ప్రాసెసర్ మీద పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును పాకించే లోహం, పక్కకు కారితే బోర్డు పోతుంది. కాబట్టి ఆ హీట్ సింక్ ఇంట్లో విప్పకండి.

సెకండ్ హ్యాండ్ తీసుకునే ఆలోచన ఉంటే, అమ్మే వాళ్లింట్లోనే అరగంట ఆడించి చూడండి. హెచ్‌డీఎంఐ వైరును మెల్లగా కదిపితే బొమ్మ పోకూడదు, డిస్క్ పెట్టి తీసి రెండుసార్లు చూడాలి, అమ్మే వాళ్ల అకౌంట్ మీ ముందే తీసేయించాలి. ఇక మీ టీవీ మోడల్ నంబర్ చెప్పండి. అది 4కే టీవీయా, సెకనుకు 120 ఫ్రేములు చూపిస్తుందా లేదా అన్నదాన్ని బట్టి ఏ కన్సోల్ సరిపోతుందో చెప్తాను, టీవీ మామూలుదైతే పాత పీఎస్4 తోనే పదిహేను వేల లోపు మీ పని అయిపోవచ్చు.